అదను తప్పిన ఇంజను

ధ్యానమునకు వాక్యభాగము: మత్తయి సువార్త 25వ అధ్యాయము, 1 నుండి 13 వచనములు



మన రాయలసీమ రైతుకు రెండు మాటలు ప్రాణము. ఒకటి అదను, రెండవది పదను. అదను అనగా తగిన వేళ. పదను అనగా నేలలోని తగిన తడి. కోయిలకుంట్ల, జమ్మలమడుగు ప్రాంతముల నల్లరేగడి చేలలో శనగ విత్తువాడు వానలు వెనుకబట్టిన పిమ్మట నేలలో మిగిలిన పదను చూచి విత్తును. ఆ వేళ దాటిపోయినచో విత్తనము మంచిదే, ఎద్దులు మంచివే, రైతు కష్టజీవియే. అయినను పంట చేతికి రాదు. ఉన్నవన్నియు మంచివైయుండియు, వేళ తప్పినందున మాత్రమే నష్టము కలుగుట మన ప్రాంతమువారికి క్రొత్తగా చెప్పవలసిన సంగతి కాదు.

ఈ సంగతినే ఈ నెల మనము మోటారు కారు ఇంజనులో చూతము. ఇంజనుకును వాక్యధ్యానమునకును పొత్తేమి అని కొందరు అడుగవచ్చును. ప్రభువు విత్తువానినిగూర్చియు, చేపల వలనుగూర్చియు, రొట్టె పిండినిగూర్చియు మాటలాడెను. అవి ఆనాటి జనుల చేతులలోని వస్తువులు. ఈనాడు కర్నూలు మొదలుకొని నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడపకు పోవు దారి పొడవునను కార్లు మన వాకిళ్లలో నిలిచియున్నవి. వాటిని తోలి బ్రదుకువారు, షెడ్డులలో బాగుచేసి బ్రదుకువారు, వేగమునందలి ముచ్చటతో కొనుక్కొనిన యౌవనులు మన మధ్యనే కూర్చుండుచున్నారు. కాబట్టి ఈ పాఠము మన ఇంటి పాఠమే.

1. బలము వేరు, అదను వేరు

ఇంజను అడుగుభాగమున క్రాంకు అను ఇరుసు కలదు. పిస్టన్లు పైకి క్రిందికి ఆడుచు దానిని త్రిప్పును. పై భాగమును మెకానిక్కులు హెడ్డు అందురు. దానిలో క్యాము అను మరియొక ఇరుసు తిరుగుచు వాల్వులను తెరచుచుండును. వాల్వులనగా గాలి లోపలికి వచ్చుటకును, పొగ వెలుపలికి పోవుటకును అమర్చిన తలుపులు. గాలిని పీల్చుట, దానిని నొక్కుట, మంట పుట్టి పిస్టనును త్రోయుట, పొగను వెళ్లగొట్టుట, ఈ నాలుగు పనులు ముగియునప్పటికి క్రాంకు రెండు చుట్లు తిరుగును. క్యాము ఒక్క చుట్టే తిరుగవలెను. రెండుకు ఒకటి అను ఈ లెక్క ఎన్నడును తప్పరాదు. అనేక ఇంజన్లలో ఈ లెక్కను కాపాడునది లోపలి ప్రక్క పండ్లు గల ఒక రబ్బరు పట్టీ. దానినే టైమింగు బెల్టు అందురు. రబ్బరు లోపల గాజునార తాళ్లుండును. పండ్లమీద నైలాను బట్ట తొడుగు ఉండును. దానిపైన ఒక మూత ఉండును గనుక బండి యజమాని అనేక సంవత్సరములు దానిని కంటితో చూడకయే ఉండవచ్చును.

ఈ బెల్టు బలము పుట్టించునది కాదు. పెట్రోలు మండుట దాని పని కాదు, చక్రము త్రిప్పుట దాని పని కాదు. క్రింది ఇరుసునకును పై ఇరుసునకును అదను కలిపి నడిపించుటయే దాని పని. బండి అమ్మువాడు దానినిగూర్చి పొగడడు, కొనువాడు అడుగడు.

పూర్వపు కార్లలో ఈ పనిని ఇనుప గొలుసు చేసెడిది. మన అంబాసిడరులోను, ప్రీమియర్ పద్మినిలోను ఉండినది గొలుసే. 1962లో జర్మనీ దేశపు గ్లాస్ కంపెనీవారు 1004 అను చిన్న కారులో పండ్ల బెల్టును వాడుక చేసిరి. 1966లో ఇటలీలో ఫియట్ 124 స్పోర్టు కారుకు, అంతకు ముందు ఫెరారీ పందెపు కార్లకు ఇంజన్లు రూపించిన ఆరేలియో లాంప్రెడీ అను ఇంజనీరు బెల్టుతో నడుచు ఇంజనును చేసెను. 1973లో ఫెరారీవారే పండ్రెండు సిలిండర్ల 365 జీటీ4 బీబీ కారులో బెల్టును పెట్టిరి. అది తేలిక, చప్పుడు తక్కువ, నూనె అక్కరలేదు. మన దేశమున 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800తో ఇట్టి బెల్టు సామాన్య కుటుంబముల వాకిటికి చేరెను. పిమ్మట 2004లో స్కోడా ఆక్టేవియా ఆరెస్, 2010లో ఫియట్ లీనియా టీజెట్, 2013లో ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీడీఐ, 2015లో అబార్త్ పుంటో వచ్చినవి. యౌవనులు మురిసిపోవు ఈ వేగపు బండ్లన్నిటి లోపల అదను కాచునది బెల్టే. నేటికిని కొన్ని బండ్లకు గొలుసు ఉన్నది. మీ బండికి ఏది ఉన్నదో దాని పుస్తకము చూచి తెలిసికొనుడి.

ఇంజను నిమిషమునకు 6000 చుట్లు తిరుగునప్పుడు క్రాంకు ఒక్క క్షణములో, అనగా ఒక్క సెకండులో, 100 చుట్లు తిరుగును. ఒక్కొక్క వాల్వు ఆ సెకండులోనే 50 మారులు తెరచుకొని మూసికొనవలెను. ఇక ముఖ్యమైన సంగతి వినుడి. బలము ఎక్కువ కావలెనన్న గాలిని గట్టిగా నొక్కవలెను. వాల్వులు లోతుగా దిగవలెను. అట్టి ఇంజన్లలో వాల్వు దిగు చోటికే పిస్టను కూడ వచ్చును. చోటు ఒక్కటే, వేళలు మాత్రమే వేరు. ఒకే మోటబావిమీద ఇద్దరు రైతులు వంతుల ప్రకారము నీరు తోడుకొనునట్లు, కె.సి. కాలువ క్రింద ఒక ఊరి వంతు ముగిసిన తరువాత మరియొక ఊరి వంతు వచ్చునట్లు, ఒకటి తొలగిన తరువాతనే మరియొకటి ఆ చోటికి రావలెను. వంతు నిలిచినంత కాలము సమాధానము. వంతు తప్పిన దినమున కొట్లాట.

ప్రియులారా, ఇల్లు కూడ ఇట్టిదే, సంఘము కూడ ఇట్టిదే. విత్తుటకును కోయుటకును, మాటలాడుటకును మౌనముగా ఉండుటకును వేర్వేరు వేళలు కలవని ప్రసంగి బోధించుచున్నాడు. భర్త మంచివాడే, భార్య మంచిదే. ఒకరు మాటలాడవలసిన వేళను మరియొకరు ఎరుగనందున ఎన్ని ఇండ్లలో తాకిడి కలుగుచున్నది! తలాంతు గలవారు సంఘములో ఎక్కువైన కొలది వారి నడుమ ఎడము తగ్గును. అప్పుడు అదను కలుపువాడు మరి ఎక్కువ అవసరము. గలతీయులకు వ్రాసిన పత్రికలో పౌలు మనము ఆత్మతో అడుగు కలిపి నడువవలెనని హెచ్చరించుట ఇందుకే. మన బలములన్నిటిని ఒక వేళకు కట్టి నడిపించువాడు దేవుని ఆత్మయే.

2. చప్పుడు లేక వచ్చు తెగుదల

టైరు అరిగినచో కంటికి కనబడును. బ్రేకు అరిగినచో కీచుమనును. బ్యాటరీ నీరసించినచో ఉదయమున బండి మూలుగును. టైమింగు బెల్టు ఆలాగు కాదు. తెగుటకు ముందటి నిమిషమున కూడ ఇంజను శ్రావ్యముగానే పాడుచుండవచ్చును. ఒక పన్ను రెండు పండ్లు జారినచో బండి వణకుట, బలము తగ్గుట కలుగవచ్చును. రోలరు బేరింగు పాడైనచో ఒక కూత వినబడవచ్చును. అయితే అనేక పర్యాయములు ఏ గుర్తును ఉండదు.

ఇప్పుడు ఒక కుటుంబము రాత్రివేళ కడప నుండి రాయచోటికి పోవుచున్నదనుకొందము. గువ్వలచెరువు ఘాటు ఎక్కుచుండగా బెల్టు తెగెను. ఆ క్షణముననే పైనున్న క్యాము ఆగిపోవును. కొన్ని వాల్వులు తెరచినవి తెరచినట్లే నిలిచిపోవును. క్రింది క్రాంకు మాత్రము ఆగదు. పరుగెత్తుచున్న బండి వేగమే దానిని త్రిప్పుచుండును. పైకి వచ్చిన పిస్టన్లు తెరచియున్న వాల్వులను కొట్టును. వాల్వులు వంగును, గైడ్లు పగులును, ఒక్కొక్కప్పుడు పిస్టనుకే బొక్క పడును. ఇంజను ఆగిపోవును. స్టీరింగు బరువెక్కును. బ్రేకు రెండు మూడు మారులు త్రొక్కిన తరువాత రాయివలె గట్టిపడును. వెనుక లారీలు, ప్రక్కన లోయ. ఇది డబ్బు నష్టము మాత్రమే కాదు, ప్రాణముల సంగతి.

గమనించుడి: ఆ ఇంజనును పాడుచేసినవాడు బయటి శత్రువు కాడు. దాని బలమే దానిని పాడుచేసినది. మెల్లగా తిరుగుచుండిన దానికంటె వేగముగా తిరుగుచుండిన దానికి దెబ్బ ఎక్కువ. సమ్సోనునుగూర్చి న్యాయాధిపతుల గ్రంథము పదునారవ అధ్యాయము చదువుడి. అతడు నిద్ర మేలుకొని, ఎప్పటివలెనే బయలుదేరి విదిలించుకొందుననుకొనెను. యెహోవా తన్ను విడిచెనని అతనికి తెలియలేదు. ఆ ఉదయమున అతని కండలు నిన్నటి కండలే. లోపల కలిపి ఉంచినది తెగిపోయెను. దాని చప్పుడు అతనికి వినబడలేదు.

మన వాక్యభాగములోని పదిమంది కన్యకలను చూడుడి. పదిమందికిని దివిటీలు ఉండెను. పదిమందియు ఎదురు చూచిరి. పదిమందియు కునికి నిద్రించిరి. సాయంకాలమున వారిని చూచినవాడు ఎవరు బుద్ధిగలవారో, ఎవరు కారో చెప్పజాలడు. అర్ధరాత్రి కేక వచ్చువరకు భేదము బయటపడలేదు. అట్లే ఒకే రంగు గల రెండు కార్లు గుడి ఆవరణములో ప్రక్క ప్రక్కన నిలువవచ్చును. ఒకదానికి నిరుడు క్రొత్త బెల్టు వేసిరి. రెండవదాని బెల్టు పదేండ్లనాటిది. కడిగి తుడిచిన రేకుమీద ఆ భేదము కనబడదు. ఘాటు రోడ్డున కనబడును. కన్యకలు ఆ గడియలో నూనెను బదులు తీసికొనలేకపోయినట్లు, తెగిన గడియలో వెనుకటి సంవత్సరపు జాగ్రత్తను ఎవరియొద్దను బదులు తీసికొనలేము.

కాబట్టి బెల్టు విషయమున చెవిని నమ్మరాదు, లెక్కను నమ్మవలెను. బండి చేసినవారు ఇన్ని కిలోమీటర్లకు, లేక ఇన్ని సంవత్సరములకు, ఏది ముందు వచ్చిన దానికి మార్చవలెనని పుస్తకములో వ్రాసియుందురు. బండినిబట్టి ఇది 60 వేల కిలోమీటర్లు మొదలుకొని లక్షన్నర వరకు ఉండును. ఎక్కువ తిరుగక షెడ్డులో నిలిచియుండిన బండికిని రబ్బరు ముసలిదగును. మన ప్రాంతపు ఎండలు సామాన్యమైనవా? ఏప్రిల్, మే నెలలలో 42 డిగ్రీలు దాటిన వేడిలో, మరుగుచున్న ఇంజను ప్రక్కన, మూత క్రింద ఆ రబ్బరు గట్టిపడి పగుళ్లు పట్టును. సీలు కారి నూనె తగిలినచో ఉబ్బి పొరలు ఊడును. మూత పగిలినచో బేతంచెర్ల రాళ్ల గనుల దుమ్ము, ఎర్రగుంట్ల సిమెంటు దుమ్ము లోపల చేరి పండ్లను అరగదీయును. కష్టమైన చోట తిరుగు బండికి గడువు కంటె ముందుగానే చూపించుట వివేకము.

ధనవంతుని బండికి వేరొక న్యాయము లేదు. 1994లో వచ్చిన ఫెరారీ ఎఫ్355 కారుకు బెల్టు మార్చవలెనన్న ఇంజనునంతటిని బండినుండి దించవలసియుండెను. 2004లో వచ్చిన ఎఫ్430లో ఆ కంపెనీవారు బెల్టు విడిచి గొలుసు పెట్టిరి. ఎంత వెల పెట్టి కొనినవాడైనను లెక్కకు లోబడవలసినదే.

అయితే మరియొక మాట కూడ చెప్పవలెను. గడువు తప్పకుండ మార్చినవాని బండిలో కూడ ఒక రోలరు బేరింగు పాడై బెల్టు తెగవచ్చును. అట్టి సహోదరుడు దారిలో నిలిచిపోయినప్పుడు, నీవు అజాగ్రత్తపరుడవని మనము తీర్పు తీర్చరాదు. సిలోయము గోపురము కూలినప్పుడు చనిపోయినవారు ఇతరులకంటె పాపులని తలంపవద్దని ప్రభువు చెప్పెను గదా. లెక్క మనలను మనము పరీక్షించుకొనుటకే గాని పొరుగువానిని తూచుటకు కాదు.

3. ఆర్పివేసిన దీపము

కొన్ని డీజిలు బండ్లలో బెల్టు మార్చవలసిన దూరము వచ్చినప్పుడు స్టీరింగు ఎదుట ఒక చిన్న దీపము వెలుగును. ఆ దీపమునకు బెల్టు కనబడదు. అది బండి తిరిగిన దూరమును మాత్రమే లెక్కించును. క్రొత్త బెల్టు వేసిన పిమ్మట మెకానిక్కు దానిని ఆర్పి, లెక్కను మొదటికి త్రిప్పును. ఇది సరియైన పని. కాని బెల్టు మార్చకుండ దీపమును మాత్రము ఆర్పుట కూడ సాధ్యమే. ఖర్చు లేదు, ఇంజను విప్పనక్కరలేదు, కొద్ది నిమిషములలో పని ముగియును. యజమాని కన్నులకు ఇక బాధ లేదు. దీపము ఆరినది, బెల్టు పాతదే.

సహోదరులారా, మనస్సాక్షి అట్టి దీపము. వాక్యము చదువునప్పుడు, ప్రభువు బల్లయొద్దకు రాకముందు, ఒక పొరుగువాని ముఖము చూచినప్పుడు అది వెలుగును. అప్పు తీర్చలేదు, మాట నిలుపుకొనలేదు, తమ్మునితో సమాధానపడలేదు అని జ్ఞాపకము చేయును. దానిని ఆర్పుటకు మార్గములు అనేకము. నలుగురూ చేయునదే గదా అనుకొనుట ఒకటి. కానుక కొంచెము ఎక్కువ వేయుట ఒకటి. బోధకునిలో తప్పు వెదకుట ఒకటి. దీపము ఆరినందున మనకు నెమ్మది కలుగును. ఆ నెమ్మదినే దేవుడిచ్చిన సమాధానమనుకొందుము. ఇంతకంటె అపాయకరమైన స్థితి లేదు.

ఇట్టి మోసము బజారులో కూడ నడుచుచున్నది. ఒక యౌవనుడు బెంగుళూరుకో హైదరాబాదుకో పోయి, వాడిన వేగపు కారును తక్కువ వెలకు కొనెననుకొందము. మీటరు 48 వేలు చూపుచున్నది. నిజముగా అది తిరిగినది లక్షా 30 వేలు. అమ్మినవాడు మీటరును వెనుకకు త్రిప్పెను. ఆ యౌవనుడు పుస్తకము చదివి, ఇంకను ఎంతో దూరము ఉన్నదని లెక్క వేసికొని, బలము చాలదని ట్యూనింగు కూడ చేయించి, 44వ నంబరు జాతీయ రహదారిమీద తన తల్లిని కూర్చుండబెట్టుకొని తోలుచున్నాడు. అతడు లెక్క తప్పలేదు. అతనికి ఇచ్చిన లెక్కయే అబద్ధము. దొంగత్రాసు యెహోవాకు హేయమని సామెతల గ్రంథము చెప్పుచున్నది. వెనుకకు త్రిప్పిన మీటరు మన కాలపు దొంగత్రాసు. దానిని త్రిప్పిన చేయి అబద్ధము మాత్రమే ఆడలేదు. ఒకని ప్రాణమును పణముగా పెట్టినది. కొనువారలారా, బెల్టు మార్చినట్లు రసీదు చూపనియెడల అది మార్చబడలేదని యెంచి, కొనిన వారమే క్రొత్తది వేయించుడి. అమ్మువారలారా, మీరు విశ్వాసులైనచో మీ నోటి మాటయే రసీదుగా ఉండవలెను.

షెడ్డులలో పనిచేయు మన బిడ్డలతో కూడ ఒక మాట. మీ పని మూత క్రింద జరుగు పని. బెల్టుతోపాటు బిగువు చేయు రోలరును, ప్రక్క రోలరును, అనేక బండ్లలో బెల్టే త్రిప్పు నీటి పంపును మార్చవలెను. మార్చితినని డబ్బు తీసికొని పాతవాటిని తుడిచి బిగించినచో యజమాని కనుగొనజాలడు. కాని మనుష్యులకు గాక ప్రభువునకు పనిచేయువానివలె మనస్ఫూర్తిగా చేయుమని కొలొస్సయులకు వ్రాసిన పౌలు, చూచువారు లేని పనినే తలంచి వ్రాసెను. అదియుగాక యెహెజ్కేలు గ్రంథము ముప్పదిమూడవ అధ్యాయములో, ఖడ్గము వచ్చుట చూచియు బూర ఊదని కావలివానియొద్ద దేవుడు ఆ రక్తమునకు లెక్క అడుగుదుననెను. వేరొక పనికి వచ్చిన బండిలో బెల్టు పగుళ్లు మీ కంట పడినచో, గిరాకి కోపపడినను చెప్పుడి. తరువాత మార్చుకొనుట మానుట అతని వంతు. చెప్పుట మీ వంతు.

4. హెడ్డు దించక బాగుపడదు

ఇప్పుడు తెగిన తరువాతి సంగతి. మొదటి నియమము: మరల సెల్ఫు కొట్టరాదు, బండిని నెట్టి స్టార్టు చేయరాదు. త్రిప్పిన ప్రతి మారును పిస్టన్లు మరల వాల్వులను కొట్టును; రెండు వంగినచోట నాలుగు వంగును. త్రాడు కట్టించి, లేక లారీమీద ఎక్కించి, తెలిసినవానియొద్దకు చేర్చవలెను. పడిపోయిన మనుష్యుని మొదటి తలంపు ఎట్టిది? ఎవరికిని తెలియకముందే నా అంతట నేనే మరల లేచెదను అనునది. ఒక అబద్ధమును కప్పుటకు మరియొక అబద్ధము, ఒక అప్పును తీర్చుటకు మరియొక అప్పు. ఎఱ్ఱ సముద్రము ముందర ఇశ్రాయేలీయులకు దొరికిన మొదటి ఆజ్ఞ పరుగెత్తుమని కాదు, ఊరక నిలిచి చూడుమని. పాడైనదానిని మరి త్రిప్పకుండుటయే బాగుపడుటలో మొదటి మెట్టు.

రెండవది: హెడ్డు దించి చూడవలెను. క్రొత్త బెల్టు వేసి పంపుము, నడిచినంత దూరము నడుచును అని తొందరపెట్టు యజమానులు కలరు. వంగిన వాల్వులమీద క్రొత్త బెల్టు వేసినచో తలుపు మూతపడదు, నొక్కుడు నిలువదు, బండి లేవదు. జనుల గాయమును పైపైన మాన్పి, సమాధానము లేనప్పుడు సమాధానమని చెప్పువారినిగూర్చి యిర్మీయా దుఃఖించెను. నిజమైన మెకానిక్కు ఏమి చేయును? హెడ్డును దించి, ఒక్కొక్క వాల్వును వెలుపలికి తీసి చూచును. వంగినవాటిని పారవేసి క్రొత్తవి తెచ్చి, వాటి పీటలలో చక్కగా కూర్చుండునట్లు అరగదీయును. గైడ్లు చూచును. హెడ్డు అడుగు చదునుగా ఉన్నదో లేదో కొలకర్ర పెట్టి చూచును. పిస్టన్లమీది దెబ్బలు చూచును. క్రొత్త గ్యాస్కెట్టు వేయును. దీనికి దినములు పట్టును. బెల్టు ఖర్చుకు ఎన్నో రెట్లు ఖర్చగును. టాక్సీ తోలి బ్రదుకు కుటుంబమునకు అది ఎంత భారమో వారిని అడిగినచో తెలియును.

పేతురు ముమ్మారు బొంకిన తరువాత ప్రభువు అతనిని సముద్రతీరమున కలిసికొనెను. పోనిమ్ము, జరిగినది జరిగినది అని భుజము తట్టి పంపలేదు. నీవు నన్ను ప్రేమించుచున్నావా అని ముమ్మారు అడిగెను. పేతురు వ్యసనపడెను. ఆ మూడు ప్రశ్నలు వంగిన మూడు చోట్లను తెరచి చూచుటకే. బాధపెట్టుటకు కాదు, మరల గొఱ్ఱెలను అప్పగించుటకు. దేవుడు మనలను విప్పుచున్నాడనిన మనలను పారవేయుచున్నాడని కాదు. పారవేయదలచినవాడు విప్పడు, పాత ఇనుము క్రింద అమ్మివేయును.

మూడవది: క్రొత్త బెల్టును పాత రోలర్లమీద ఎక్కించరాదు. క్రొత్త ద్రాక్షారసమును పాత తిత్తులలో పోయరాదని ప్రభువు చెప్పిన న్యాయము ఇక్కడను చెల్లును. బెల్టును తెంపినది ఏది? నూనె కారుటయా, బేరింగు పాడగుటయా, నీటి పంపు బిగిసిపోవుటయా? ఆ కారణమును విడిచి ఫలితమును మాత్రము మార్చినచో అదే తెగుదల మరల వచ్చును. పశ్చాత్తాపపడి పాత స్నేహములకే, పాత అలవాట్లకే తిరిగి పోవువాని సంగతి ఇంతే.

కడపటిది: అదను కలుపుట. క్రాంకు పుల్లీమీదను, క్యాము పుల్లీమీదను ఇంజను చేసినవారు గుర్తులు పెట్టియుందురు. కొన్ని ఇంజన్లకు రెంటిని నిలిపియుంచు పిన్నులే ఉండును. ఎంత అనుభవము గల మేస్త్రీయైనను ఆ గుర్తులు కలియకుండ కంటి అంచనాతో బెల్టు ఎక్కించడు. ఎక్కించిన పిమ్మట కూడ వెంటనే సెల్ఫు కొట్టడు. స్పానరు పెట్టి చేతితో మెల్లగా రెండు నిండు చుట్లు త్రిప్పి, గుర్తులు మరల కలిసినవో లేదో చూచును. ఎక్కడైనను తగిలినట్లు చేతికి తోచినచో ఆగి, విప్పి, మరల చూచును. బాగుపడిన మనుష్యుడు కూడ మొదటి దినముననే వేగము చూపనక్కరలేదు. మన గుర్తులు మనము పెట్టుకొనినవి కావు. మనలను చేసినవాడు తన వాక్యములో పెట్టినవి. వాటికి మన దినమును, మన పనిని, మన కోపమును, మన సొమ్మును కలిపి, మెల్లగా త్రిప్పి చూచుకొందము.

ఒక్క భేదము మరువవలదు. ఇంజను తన్ను తాను బాగుచేసికొనలేదు, మనమును అంతే. ఎంత జాగ్రత్తపరుడైనను తన జాగ్రత్తచేత రక్షింపబడడు. విప్పి, వంగినదానిని తీసివేసి, తన ఖర్చుతో క్రొత్తది వేయువాడు ఒకడున్నాడు. ఆ ఖర్చు ఆయన సిలువమీద చెల్లించెను. మనము చేయవలసినది బండిని ఆయన షెడ్డుకు చేర్చుట, దీపము వెలిగినప్పుడు ఆర్పకుండుట.

ఈ నెలలో రెండు పనులు చేయుడి. బండి గలవారు పుస్తకము తీసి, బెల్టు కడపట ఎప్పుడు మార్చిరో చూచుడి. తెలియనిచో వేసవి రాకముందే చూపించుడి. అందరమును ఒక రాత్రి తలుపు వేసికొని, నాలో వెలుగగా నేను ఆర్పివేసిన దీపమేది అని దేవుని సన్నిధిని అడుగుదము. వాన రాకడ, ప్రాణము పోకడ ఎవరికి తెలియును అని మన పెద్దలు చెప్పిరి. అర్ధరాత్రి కేక కూడ అట్లే వచ్చును.

ప్రార్థన: మా ప్రాణములకు వేళలు నియమించిన తండ్రీ, మాకిచ్చిన బలమునకు తగిన అదనును కూడ దయచేయుము. దారులలో తిరుగు మా డ్రైవర్లను, వారికొరకు ఇంటియొద్ద కనిపెట్టు బిడ్డలను కాపాడుము. మూత క్రింద పనిచేయు చేతులకు నమ్మకత్వమును ఇమ్ము. మేము ఆర్పిన దీపమును నీవే మరల వెలిగించుము. మాలో వంగినదానిని తీసివేయుటకు వెనుదీయకుము. పెండ్లికుమారుడు వచ్చు గడియలో మమ్మును సిద్ధముగా కనుగొనుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.